మలుపు చూపే దీపం... వెలిగిస్తే పోయేదేముంది?

హోసూరులో 1980లో తయారీ మొదలైన టీవీఎస్ మోపెడ్‌కు ఒక సుగుణం ఉంది. దాని దీపం హ్యాండిల్‌తోనే ఉంటుంది. హ్యాండిల్ ఎటు తిరిగితే వెలుగూ అటే తిరుగుతుంది. తెల్లవారుజామున నాలుగింటికి పాల క్యాన్లు కట్టుకుని సందులోంచి బయటపడే రైతుకు, ముందు చక్రం ఎటు పోతోందో అదే కనబడుతుంది. అదే రైతు కొడుకు అప్పు చేసి కొన్న ఏడెనిమిది లక్షల కారుకు మాత్రం ఆ తెలివి లేదు. స్టీరింగ్ ఎంత తిప్పినా, బండి ముక్కు తిరిగేదాకా హెడ్‌లైట్లు ఎదురుగా ఉన్న గోడనో, చింతచెట్టునో చూపిస్తూ ఉంటాయి. బండి పోబోయే చోట మాత్రం చీకటే.

ఈ లోటు తీర్చడానికి వచ్చినవే కార్నరింగ్ లైట్లు. ఒకప్పుడు పెద్ద కార్లకే పరిమితమైన ఈ సదుపాయం ఇప్పుడు చిన్న కార్లకూ దిగింది. టాటా పంచ్, ఆల్ట్రోజ్ లాంటి బండ్లలో కొన్ని వేరియంట్లకు కంపెనీయే ఇచ్చింది. 2022లో ఇక్కడ తయారీ ఆగిపోయిన ఫోక్స్‌వాగన్ పోలోలోనూ కొన్ని వేరియంట్లకు ఉండేది. ఇంకొన్ని కార్లలో చిత్రం ఏమిటంటే, సామానంతా బండిలోనే ఉంటుంది, సాఫ్ట్‌వేర్‌లో మాత్రం ఆపి ఉంచుతారు. స్కానర్ పెట్టి దాన్ని తెరిపించుకునేవాళ్లు ఇప్పుడు తక్కువేం లేరు. ఇంతకీ తెరిపించుకోవడం దండగా, పనికొచ్చేదేనా అన్నది అసలు ప్రశ్న.

దీని పనితీరులో మాయేమీ లేదు. హెడ్‌లైట్లు వెలుగుతూ, బండి నెమ్మదిగా పోతున్నప్పుడు స్టీరింగ్ ఎడమకు తిప్పినా, ఎడమ ఇండికేటర్ వేసినా ఎడమ పక్క ఫాగ్ ల్యాంప్ ఒక్కటే వెలుగుతుంది. కుడికి తిప్పితే కుడిది. స్టీరింగ్ సరి అయితే ఆరిపోతుంది. కొన్ని బండ్లలో రివర్స్ గేరు వేస్తే రెండూ వెలుగుతాయి. గంటకు 40 కిలోమీటర్ల వేగం దాటితే ఇది వెలగకూడదని ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో ఉంది. అంటే ఇది పరుగు కోసం పెట్టిన దీపం కాదు, నెమ్మదిగా తిరిగేటప్పటి కోసం పెట్టింది. షోరూముల్లో 'ఘాట్‌లో మలుపులన్నీ పట్టపగలే సార్' అని ఊదరగొట్టే సేల్స్ కుర్రాళ్లు ఈ ముక్క మాత్రం చెప్పరు.

ఆలోచన కొత్తదేం కాదు. 1948లో అమెరికాలో టక్కర్ అనే కారుకు ముందు భాగంలో మధ్యన మూడో దీపం పెట్టారు. స్టీరింగ్‌తో పాటు అదీ తిరిగేది. 1967లో ఫ్రాన్స్ కంపెనీ సిట్రోయెన్ తన డీఎస్ కారులో లోపలి జత హెడ్‌లైట్లనే మలుపు వైపు తిరిగేలా చేసింది. అవి ఖరీదైన యంత్రాలు. ఇప్పుడు చిన్న కార్లలో వస్తున్నది వాటికి పేద చుట్టం. ఇక్కడ తిరిగేదేమీ లేదు, ఉన్న దీపాన్నే సమయానికి వెలిగించడం, ఆర్పడం. అందుకే ఖర్చు తక్కువ. అందుకే దాని సత్తా కూడా అంతంతే.

ఎక్కడ పనికొస్తుంది?

బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ శనివారం రాత్రి సొంతూరు చేరేవాళ్ల దారి ఒకసారి చూద్దాం. హోసూరు దాటేదాకా 44వ నంబరు జాతీయ రహదారి. లైట్లు, టోల్‌గేటు, లారీల వరుస. అక్కడి నుంచి బాగలూరు మీదుగా బేరికె వైపో, దెంకణికోట వైపో తిరిగితే వెలుగు సగమవుతుంది. ఆ రోడ్డు వదిలి ఊరి దారి పట్టగానే ఒక్కసారిగా కటిక చీకటి. అటు కోలారు జిల్లాలో ముళబాగిలు, బేతమంగల వైపూ అంతే. కుప్పం నుంచి కేజీఎఫ్ పోయేవారికీ, బాగేపల్లి దగ్గర హైవే దిగి పల్లెల్లోకి పోయేవారికీ ఇదే అనుభవం. గంటసేపు ఎదురు బండ్ల హైబీమ్ తిన్న కంటికి ఆ చీకటి అలవాటు కావడానికి కొంత వ్యవధి కావాలి. ఆ వ్యవధి ఇవ్వకుండానే బండి మలుపు తిరిగిపోతుంది.

ఆ మలుపు దగ్గర ఎవరుంటారు? చివరి బస్సు దిగి నడిచి పోయేవాళ్లు. మూసేసిన టీకొట్టు ముందు బెంచీ మీద కూచున్న ముసలాయన. కట్లు తెంపుకున్న దూడ. కల్వర్టు దగ్గర పిట్టగోడ కూలిపోతే వంకలోకి నోరు తెరిచిన రోడ్డు అంచు. డిసెంబరు, జనవరి నెలలు వచ్చాయంటే వీటికి రాగి, ఉలవ కళ్లాలు తోడు. తారు రోడ్డు మీదే వెన్నులు పరిచి, పోయే బండ్ల చేత తొక్కించడం ఈ మూడు రాష్ట్రాల సరిహద్దుల్లో మామూలే. కుప్పల చుట్టూ పెట్టిన రాళ్లు మాత్రం పంట ఇంటికి చేరినా కొన్నాళ్లు అక్కడే ఉంటాయి. పగలు వాటిని తప్పించుకోవడం కష్టం కాదు. రాత్రి మలుపు తిరుగుతూ ఉంటే టైరుకు తగిలాకే తెలుస్తుంది. రాయి అయితే రిమ్ము పోతుంది. అక్కడ మనిషి పడుకుని ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో దాదాపు 33 వేల మంది నడిచి పోయేవాళ్లు. సాయంత్రం ఆరు నుంచి రాత్రి తొమ్మిది మధ్య జరిగే ప్రమాదాలే మొత్తంలో అయిదో వంతు దాకా ఉంటున్నాయి. వీటన్నిటికీ మలుపే కారణమని ఎవరూ అనరు. చీకటి పడ్డాక రోడ్డు అంచున నడిచే మనిషి ప్రాణానికి ఎంత పూచీ ఉందో మాత్రం ఈ అంకెలు చెబుతాయి.

కాస్త లెక్క వేస్తే దీపం విలువా, దాని హద్దూ రెండూ తేలతాయి. గంటకు 20 కిలోమీటర్ల వేగంలో మలుపు తిరుగుతున్న బండికి అడ్డు కనిపించిందనుకుందాం. చూసి, బ్రేకు మీద కాలు వేయడానికి ఒకటిన్నర సెకను. ఆ లోపే బండి ఎనిమిది మీటర్లు పైచిలుకు పోతుంది. పొడి రోడ్డు మీద ఆగడానికి ఇంకో రెండున్నర మీటర్లు. మొత్తం 11 మీటర్లు. మంచి ఫాగ్ ల్యాంప్ పక్కకు పది పదిహేను మీటర్లు చూపగలిగితే ఆ బండి ఆగుతుంది. అదే 40 వేగంలో అయితే ఆగడానికి 27 మీటర్లు కావాలి. 60లో దాదాపు 48. అక్కడ ఈ దీపం ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. మలుపు దగ్గర వేగం తగ్గించే డ్రైవరుకు ఇది సాయం చేస్తుంది. తగ్గించని వాడికి ఏ దీపమూ చాలదు.

కుడివైపు తిరిగేటప్పుడు దీని అవసరం ఇంకాస్త ఎక్కువ. ఎడమ పక్క నడిచే ఈ దేశంలో హెడ్‌లైట్ల డిప్ వెలుగు ఎడమ అంచు మీద కాస్త ఎత్తుగా, దూరంగా పడేలా అమరుస్తారు. కుడివైపు కిందికి కోసేస్తారు. ఎదురు బండి వాడి కళ్లలో పడకూడదని ఆ ఏర్పాటు. ఫలితంగా కుడికి తిరిగే దారి ఎప్పుడూ కొంత మసకే. పైగా డ్రైవరు కూచునేదీ కుడిపక్కే కాబట్టి అద్దం పక్కనున్న స్తంభం సరిగ్గా చూడాల్సిన చోటునే మింగేస్తుంది. కుడి ఫాగ్ ల్యాంప్ ఒక్కటి వెలిగితే ఆ మసకలో నేల అయినా కనబడుతుంది.

ఇంట్లో కారు పెట్టుకునేటప్పుడు కూడా దీని మేలు తెలుస్తుంది. పల్లెలో రెండు గోడల మధ్య, పశువుల కొట్టం పక్కన బండి మలిపేవాళ్లకు ముందు బంపరు ఎక్కడ గీసుకుంటుందో కనబడటమే పెద్ద లాభం. ఇది ప్రాణం కాపాడే సంగతి కాదులెండి, రంగు ఖర్చు మిగులుతుంది.

ఇక ఘాట్ల సంగతి. వి.కోట నుంచి పేర్నంబట్టు దిగే దారిలోనో, పలమనేరు దాటాక మొగిలి ఘాట్‌లోనో రాత్రిపూట పోయేవారు దీని మీద ఆశ పెట్టుకోకపోవడం మంచిది. బాగా వంపు తిరిగిన మలుపుల్లో, వేగం బాగా తగ్గినప్పుడు కొంత పని చేస్తుంది. మిగతా ఒంపుల్లో బండి 40కి పైనే పోతుంది, దీపం వెలగదు. ఒకవేళ వెలిగినా చాలదు. అక్కడ డిప్పర్ కొట్టడం, హారన్, తన పక్కన తాను ఉండటం, ఈ పాత పద్ధతులే దిక్కు. దెంకణికోట, తళి అడవుల పక్కన ఏనుగుల విషయమూ అంతే. నల్లటి ఒళ్లు, రోడ్డు మధ్యలో నిలబడితే హెడ్‌లైట్‌కే సరిగా ఆనదు. పక్క దీపం ఏం చేస్తుంది?

వద్దనే వాళ్ల మాట

'ఇది పెట్టిస్తే బ్యాటరీ దిగిపోదా అన్నా?' అన్నది మెకానిక్ షెడ్డులో మొదట వినబడే ప్రశ్న. మామూలు హాలోజన్ ఫాగ్ ల్యాంప్ బల్బు 55 వాట్లు ఉంటుంది, కొన్ని బండ్లలో 35. ఇంజన్ నడుస్తుంటే ఆల్టర్నేటర్‌కు అదొక లెక్క కాదు. పైగా వెలిగేది మలుపుకు నాలుగైదు సెకన్లు. బ్యాటరీ భయం వదిలేయొచ్చు.

బల్బు తొందరగా పోతుందనే మాటలో మాత్రం నిజం ఉంది. హాలోజన్ బల్బులోని తీగ వెలిగిన ప్రతిసారీ దెబ్బ తింటుంది. సందులు ఎక్కువున్న టౌనులో తిరిగే బండికి రోజుకు పదుల సార్లు వెలిగి ఆరుతుంది. కొన్ని కంపెనీలు దీపాన్ని మెల్లగా వెలిగించి మెల్లగా ఆర్పేలా చేసి ఈ దెబ్బ తగ్గించాయి. కంపెనీ ఇచ్చిన ఎల్ఈడీ అయితే ఈ బెంగే లేదు. మొత్తానికి మూడేళ్లకోసారి ఒక బల్బు మార్చాల్సి వచ్చినా, పైన చెప్పిన మలుపు దగ్గర కూచున్న ముసలాయన ముందు అదొక ఖర్చా?

'ఒక్క దీపమే వెలుగుతుంటే రెండోది పోయిందనుకుని పోలీసులు ఆపుతారు' అనేవాళ్లూ ఉన్నారు. రెండు హెడ్‌లైట్లూ వెలుగుతూనే ఉంటాయి కాబట్టి ఒంటికన్ను బండి అనుకునే ప్రమాదం లేదు. ఆపినా స్టీరింగ్ తిప్పి చూపిస్తే సరిపోతుంది. మూడు రాష్ట్రాల చెక్‌పోస్టులు దాటే బండికి అంతకంటే పెద్ద తలనొప్పులే ఉంటాయి.

అసలైన అభ్యంతరం వేరే ఉంది, దాని జోలికి ఎవరూ పోరు. రాత్రి పొడవునా రెండు ఫాగ్ ల్యాంపులూ వేసుకుని తిరగడం ఈ ప్రాంతంలో ఒక ఫ్యాషన్ అయిపోయింది. వాన లేదు, మంచు లేదు, ఎందుకు వేశావయ్యా అంటే 'లుక్కు బాగుంటుంది' అంటారు. అలాంటి వారికి కార్నరింగ్ లైట్ తెరిచినా, తెరవకున్నా తేడా ఏమీ ఉండదు. రెండూ ముందే వెలుగుతున్నాయిగా! అసలు ఈ సదుపాయంలోని మంచి గుణం ఎదుటివాడి కంట్లో పొడవకుండా, కావలసినప్పుడు, కావలసిన పక్కకు మాత్రమే వెలుగు ఇవ్వడం. దాన్ని తెరిపించుకుని, ఫాగ్ ల్యాంపుల స్విచ్చి మాత్రం ఎప్పుడూ ఆపి ఉంచుకునే వాడికే అది ఉపయోగపడుతుంది.

బెంగళూరులో సెకండ్‌హ్యాండ్ కొని తెచ్చుకున్న బండ్లలో ఇంకో తిప్పలు. పాత ఓనరు హాలోజన్ బల్బులు తీసేసి బజారులో దొరికే తెల్లటి ఎల్ఈడీలు దూర్చి ఉంటాడు. హాలోజన్ కోసం చేసిన గిన్నెలో ఆ ఎల్ఈడీ వెలుగు నేల మీద పడకుండా నాలుగు వైపులా చిమ్ముతుంది. కార్నరింగ్ లైట్ తెరిస్తే మలుపు దగ్గర నిలబడ్డ మనిషి కళ్లలోకి నేరుగా కొడుతుంది. మనిషిని చూడటానికి పెట్టిన దీపం ఆ మనిషికే కళ్లు బైర్లు కమ్మిస్తుంది. ముందు అసలు బల్బు వేయించి, ఆ తర్వాతే మిగతా సంగతి ఆలోచించాలి.

షెడ్డుకు పోయే ముందు

బండిలో ఇది ఉందో లేదో తెలియకుండానే ఏళ్లు గడిపేసే వారి సంఖ్య తక్కువ కాదు. మాన్యువల్ ఇంగ్లీషులో చేతికొస్తుంది. సర్వీసు సెంటర్ హోసూరులో అయితే తమిళం, కోలారులో అయితే కన్నడం. తెలుగులో వివరించే ఓపిక ఎవరికి ఉంటుంది? బండి డెలివరీ రోజు కొబ్బరికాయ కొట్టి, ఫొటో తీసి పంపించేస్తారు. కొన్ని కార్లలో స్క్రీన్ మీద సెట్టింగుల్లో లైట్ల పట్టీలోనే దీని ఆన్, ఆఫ్ ఉంటుంది. అక్కడ ఉంటే పైసా ఖర్చు లేదు, ఇవాళే ఆన్ చేసుకోవచ్చు.

అక్కడ లేకపోతే మూడు సంగతులు కనుక్కోవాలి. ఫాగ్ ల్యాంపులు ఉన్నాయా అన్నది మొదటిది. స్టీరింగ్ ఎంత తిరిగిందో చెప్పే సెన్సర్ ఉందా అన్నది రెండోది. ఈఎస్‌సీ ఉన్న బండిలో ఆ సెన్సర్ ఉంటుంది. మూడోదే అసలు ముడి. ఎడమ, కుడి ఫాగ్ ల్యాంపులకు బండిలోని కంప్యూటర్ విడివిడిగా కరెంటు ఇవ్వగలదా అన్నది. రెండు దీపాలకూ ఒకే రిలే, ఒకే వైరు అయితే ఎంత గొప్ప స్కానర్ తెచ్చినా ఒక్కదాన్నే వెలిగించడం సాధ్యం కాదు. ఇవి మూడూ ఉంటే స్టీరింగ్ కింది ఓబీడీ పోర్టుకు స్కానర్ తగిలించి తెరవడం పావుగంట పని. ఆ పనికి వెయ్యి రూపాయలు అడిగితే ఇవ్వొచ్చు. అయిదు వేలు అడిగితే దండం పెట్టి వచ్చేయడం మేలు. ఈ ఒక్క సదుపాయం కోసం లక్ష ఎక్కువ పోసి పై వేరియంట్ కొనడం అంతకంటే తెలివితక్కువ పని.

మూడింట్లో ఏది లేకున్నా 'ఇండికేటర్ వైరు నుంచి జాయింట్ కొట్టి ఇస్తానన్నా' అనే ఎలక్ట్రీషియన్ ఎవరో ఒకరు దొరుకుతారు. అక్కడ ఆగాలి. ఇండికేటర్ కరెంటు ఆగి ఆగి వస్తుంది, దీపం కూడా టపటపా కొట్టుకుంటుంది. దాన్ని సరిచేయడానికి ఇంకో రిలే, దానికి ఇంకో జాయింట్. హైవేలో 90 వేగంలో లారీని దాటడానికి ఇండికేటర్ వేసినా అది వెలుగుతుంది, ఎందుకంటే ఆ కిట్టుకు వేగం తెలియదు. వారంటీ సంగతి సరేసరి. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 సవరణ తర్వాత అనుమతి లేని ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ పడొచ్చు. అదే వేరియంట్‌కు కంపెనీ ఇచ్చి, ఆఫ్‌లో ఉన్నదాన్ని ఆన్ చేసుకుంటే అది బండి మార్చడం అనిపించుకోదు. కింది వేరియంట్‌కు పైదాని గుణం తెచ్చిపెట్టేటప్పుడు మాత్రం కంపెనీ సర్వీసు సెంటర్‌లోనే అడిగి, జాబ్‌కార్డు మీద రాయించుకోవడం క్షేమం. వాళ్లు కుదరదంటే వదిలేయడమే.

రాత్రి ప్రయాణాలు లేనివారు, హైవే మీదే పోయి హైవే మీదే వచ్చేవారు, వీధి దీపాలున్న టౌన్‌లో తిరిగేవారు దీని గురించి ఇంత తల పట్టుకోనక్కర్లేదు. వారానికి రెండు రాత్రులైనా ఊరి మలుపు తిరిగేవారు, బండిలో సామాను ఉంటే, తెరిపించుకోవాల్సిందే.

తెరిపించాక బిల్లు కట్టే ముందు ఒక పరీక్ష పెట్టుకోవాలి. చీకటి పడ్డాక గోడ ముందు బండి నిలిపి, ఇంజన్ ఆన్‌లో ఉంచి, హెడ్‌లైట్లు వేసి, స్టీరింగ్ ఎడమకు పూర్తిగా తిప్పాలి. ఎడమ ఫాగ్ ల్యాంప్ ఒక్కటే వెలగాలి, దాని వెలుగు మనిషి నడుము దాటి పైకి పోకూడదు. కుడికీ అలాగే. హెడ్‌లైట్లు ఆపితే రెండూ ఆరాలి. తర్వాత ఖాళీ రోడ్డు మీద ఇంకొకరు బండి నడుపుతుండగా ఇండికేటర్ వేయించి, వేగం 40 దాటాక అది ఆరిందో లేదో బయట నిలబడి చూడాలి. ఆరకపోతే ఆ రాత్రే తిరిగి షెడ్డుకు తోలి, ఉన్నది ఉన్నట్టు పెట్టించుకోవాలి. ఇక వాన కాలమంతా బంపరు కింది ఆ దీపాల అద్దాల మీద ఎర్రమట్టి గట్టిగా పట్టుకుంటుంది. తడి గుడ్డతో తుడిచే పని మాత్రం ఏ స్కానరూ చేయదు.